అంకారావు కారు దిగని సైదమ్మ

“ఎడ్లబండి మీదన్నా పోతా, నడిచన్నా పోతా గానీ, సైదమ్మ చచ్చిన సీట్లో నేను కూసోను” అనిందంట శేషమ్మ, మొగుడి మొహమ్మీదే. నిండు నెలలు. ఇయ్యాలో రేపో అన్నట్టుంది. అంకారావేమో “ఊరంతటికీ ఉండేది ఇదొక్క కారేనే, ఇది గాకపోతే ఇరవై మైళ్లు నిన్నెవురు మోస్తారే” అని అరుస్తన్నాడు. అరుస్తన్నాడే గానీ లోపల వాడికీ ఒణుకే. ఏమైందంటే, నిరుడు ఇట్టాగే నిండు నెలల్తో నొప్పులొస్తన్న సైదమ్మని ఆ పాత కారు ఎనక సీట్లో పడుకోబెట్టారంట. తాళం తిప్పితే కుయ్... కుయ్... అని మూలుగుద్దే గానీ స్టార్టవదే! అయ్యేసరికి అరగంట. పొలిమేర దాటీ దాటకముందే ఆ తల్లి కళ్లు తేలేసింది. అప్పట్నించి ఎప్పుడు తాళం తిప్పినా అదే మూలుగు, అచ్చం సైదమ్మ మూలిగినట్టే అనుకో. నవ్వబాకండే, నేను ఇన్నా దాన్ని.

“సైదమ్మ దిగలా, ఎనకాలే కూసోనుంది” అని ఊరంతా అనేసిందంట. అంకారావు వాళ్లమ్మ ఆదెమ్మ ఊరుకుంటదా? అమాస అమాసకీ బానెట్టెత్తించేది. “బండికి పేణం ఆ బ్యాటరీయేనంట గదరా” అని దానికే పసుపు పూసి, కుంకం పెట్టి, కొడుకు చేత కాయ కొట్టించి, ఆ నీళ్లు దాని నెత్తినే పోయించేది. మూలుగెక్కువైతే రెండు కాయలు. ఇంకా ఎక్కువైతే మూడు. భయం పెరిగేకొద్దీ కాయలు, కాయలు పెరిగేకొద్దీ మూలుగు.

ఇంక ఆ రోజు, పొద్దున పాలు పితికే యేళకి శేషమ్మకి నొప్పులు మొదలైనాయంట. కూసోనన్న మనిషే, తట్టుకోలేక ఆ సీట్లోనే పడిపోయింది. అంకారావు తాళం తిప్పాడు. కుయ్... ఇంకోసారి తిప్పాడు. కు... అంతే. మళ్లీ మూలుగు. ఈసారి తాళం తిప్పందే ఇనపడింది! చుట్టూ ఉన్నోళ్లంతా నాలుగడుగులు ఎనక్కేశారంట. చూస్తే శేషమ్మే మూలుగుతంది. “నా కోడల్ని గూడా తీసకపోతందిరో, కాయ తేండ్రా!” అని ఆదెమ్మ గుండెలు బాదుకుంటంది. అప్పుడొచ్చాడు, బోరు మోటార్లకి తీగ చుట్టే కాశిం. “కాయ సంగతి తర్వాత ఆదెమ్మక్కా. ఒరే అంకా, లైట్లేసి తిప్పు” అన్నాడంట. తిప్పితే లైట్లు కాస్తా చమురైపోయిన దీపంలాగా కునికినయ్. “ఇంజనుకేం కాలేదురా, కరెంటే అందట్లా” అని బ్యాటరీ తీగ కొస పట్టుకుని, సుర్రుమంటే చెయ్యి ఎనక్కి లాక్కున్నాడు. గోరుతో గీకితే పసుపూ కుంకమా కలిసి పచ్చగా, తెల్లగా, పెచ్చులు పెచ్చులుగా తుప్పు. “దీని మీద కొబ్బరినీళ్లు పోసి తుప్పు పట్టించిన మొనగాడెవడ్రా?” అన్నాడంట. నట్లిప్పి, పొయ్యి మీది ఏణ్ణీళ్లు పోసి, గరుకు కాగితంతో తళతళా రుద్ది, బిగించి “తిప్పరా” అంటే, ఒక్క తిప్పుకే గుర్రుమంది.

ఆస్పత్రికి అందారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. ఊళ్లో అందరికీ భయం పోయింది, అంకారావుకి మాత్రం పోలా. ఎందుకంటే, ఆస్పత్రి అరుగు మీద వాడు కాశిమ్ముని అడిగాడంట, “బాబాయ్, ఆ తుప్పు ఎన్నాళ్లది?” అని. “అడుగు పొర ఏడాది పైమాటే” అన్నాడు కాశిం. నిరుడు దసరాకి, ఆయుధపూజ చేస్తా, మొట్టమొదటి కాయ కొట్టి నీళ్లు పోసింది అంకారావేనంట, బండి సల్లంగుండాలని. దీపాళి ఎళ్లిన వారానికి సైదమ్మ పోయింది. అంటే దయ్యం ఎప్పుడూ లేదన్నమాట. దయ్యముందనుకున్నన్నాళ్లూ తాళం తిప్పేటప్పుడే ఒణికేవాడు. ఇప్పుడు పట్టపగలు నడిరోడ్డు మీద ఒణుకుతున్నాడు. సైదమ్మ మొగుడు ఎదురైనప్పుడల్లా “ఆ రోజు మా ఆడదాని కోసం ఎంత అల్లాడావురా అంకన్నా” అని వాడి చేతులు పట్టుకుంటాడు. కాశిం చెప్పడు, నేను చెప్పను. మీరు చెప్పండి, ఆ చేతుల్ని వాడు ఇడిపించుకుని నిజం చెప్పాలంటారా, అట్టా పట్టుకోనియ్యమంటారా?