నీలం పట్టీ

హలో… ఆ, నేనేనమ్మా, అన్నయ్యని. చెప్పు అమ్మడూ.

…లేదులే, పనేముంది. రిసార్ట్ గేటుకి తాళం వేశారు. నా డైనింగ్ హాల్లో కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి కూర్చున్నాను.

…పోలీసులు బావని ఇంకా వదల్లేదా? — జిమ్ మాస్టర్ అన్నాక ముందు ఆయన మెడకే చుట్టుకుంటుంది మరి. ఉపవాస చికిత్సలో ఉన్న మనిషిని పరుగు మిషన్ ఎక్కించాడు, మనిషి దాని మీదే పోయాడు. వాళ్లు చూసేది అంతే.

…ఏడవకు. ఎందుకు ఫోన్ చేశావో నాకు తెలుసు. నా వైపు కూడా కాస్త చూడు.

…ఆగు, నన్ను చెప్పనీ. ముందురోజు రాత్రి ఆ పెద్దమనిషి నన్ను బతిమాలాడు. పెళ్లిరోజట. ఏమీ తినను, మా ఆవిడ ఎదురుగా కూర్చుంటానంతే అన్నాడు. ఉపవాసం వాళ్ల నీలం పట్టీ చేతికుంటే మా సర్వర్లు గుమ్మంలోనే ఆపేస్తారు. అందుకని నేనే కత్తిరించాను. గడప దాకా వచ్చినవాణ్ణి వెనక్కి పంపితే అదేం వ్యాపారం? లేచేటప్పుడు కొత్తది కట్టాలి. హాలు నిండా జనం… మర్చిపోయాను.

…ఉన్నావా?

…అవును. పొద్దున్న చేతికి పట్టీ లేదు కాబట్టే బావ మిషన్ ఎక్కించాడు. ఆయన తప్పని నేనన్నానా?

…కానీ లెక్క చూడు. బావ లోపలుంటే ఆరేది ఒక్క పొయ్యి. దాన్ని నేను వెలిగిస్తాను, పిల్ల చదువు నాది. నేను వెళ్తే మనవి రెండూ, నా వంటవాళ్లవీ అన్నీ ఆరతాయి. ఒడ్డున ఒకడైనా మిగిలితేనే కదా చెయ్యందించేది.

…ఏంటీ? మాత్రలా?

…బావ బీపీ మాత్రలు. జిమ్ అలమరలో ఉండిపోయాయా… వాటి కోసమేనా నువ్వు ఫోన్ చేసింది?

…అమ్మడూ, పట్టీ సంగతి బావ నీకు చెప్పలేదా?

…జీపు ఎక్కేముందు నన్ను అడిగాడు. చెప్పాను. తలూపి ఎక్కేశాడు. స్టేషన్‌లో నీకు చెప్పే ఉంటాడనుకున్నాను.

…పట్టీ సంగతి తనే చూసుకోలేదని బావ రాసిచ్చాడా? ఎవరు రాయమన్నారు?

…ఎవరూ అడగలేదా.

…గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. సరే. మాత్రలు ఎవరితోనైనా పంపిస్తాను. నువ్వు ఇల్లు కదలకు.

…నేనే తేవాలా. స్టేషన్‌కా?

…నువ్వు స్టేషన్ గేటు దగ్గర నిలబడతావా. అమ్మడూ, ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందాం —

…నేను రాకపోతే?

…నువ్వే లోపలికెళ్లి చెప్తావా. సొంత అన్ననే…

హలో.

అమ్మడూ… హలో…