అల్లునికి అమ్మయిన అమ్మమ్మ

"పెద్దమ్మా, మీ అమ్మమ్మకు రాచపుండు లేచినప్పుడు నొప్పికి మందు దొరికేదా?" అని అడిగాను. పెద్దమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

అందరికి యాడ దొరుకుతదే! జెర ఆ ఫ్యాను తగ్గియ్యి, చెప్త. పోలీస్ యాక్షన్‌కు ముందు... కాదు కాదు, అయినంకనే. బొల్లారం దిక్కు ఇంకా మిలిటరీ లారీలు తిరుగుతుండె. మేము లాలాగూడల ఉంటుంటిమి. అమ్మమ్మకు రొమ్ముల గడ్డ లేసింది. ఇప్పుడు క్యాన్సర్ అంటరు కద, గదే. కోసినా ఫాయిదా లేదు, మించిపోయిందన్నరు. ఇగ నొప్పి ఒక్కటే మిగిలింది. దానికి మార్ఫియా సూది. అది నాయన పని చేసే కార్ఖానోళ్ల దవాఖానల ఉండె. కని ఎవరికి? నౌకరి చేసేటోనికి, పెండ్లానికి, పిల్లలకు, కన్నతల్లికి. అత్తకు లేదు!

మా నాయన సంగతి నీకు తెల్వదు. చర్చిల పెద్ద, అబద్ధం నోట్లకెల్లి రాదు. అమ్మమ్మేమో ఆయన ముందటికే రాదు. అల్లుడు కద, కొంగు నెత్తి మీదికి గుంజుకుని తలుపెనక నిలబడేది. ఒక్క ఇంట్ల ఉండి ఇద్దరి మాటలు నేనే మోసేదాన్ని. "మీ నాయనను అడుగు, కూరల ఉప్పు సరిపోయిందా?" "మీ అమ్మమ్మకు చెప్పు, ఉప్పుల కూర జెర తక్కువైంది!" నవ్వకు, నిజం.

గసువంటి మనిషి, మా నాయన, టోపీ పెట్టుకుని, అమ్మమ్మను రిక్షాల కూసోపెట్టుకుని ఆ దవాఖానకు పోయిండు. నేను సుత పోయిన. డాక్టర్ రిజిస్టర్ తెరిచి "ఈమె ఎవరు?" అన్నడు. నాయన నేల దిక్కు చూసుకుంట "మా అమ్మ" అన్నడు. అంత తక్లీఫ్‌ల సుత అమ్మమ్మ కొంగు చాటున నవ్వింది. ఆనాటి సంది రోజూ పొద్దుగూకంగ కంపౌండర్ ఇంటికొచ్చి సూది ఇచ్చి పోయేటోడు.

గోడవతల బీడీలు చుట్టే ఎంకటమ్మ ఉండె. ఆమెకు నోట్లె గిదే రోగం. కార్ఖానల నౌకరి చేసే కొడుకు లేడు, అల్లుడు లేడు. నల్లమందు దొరికిన దినం ఇంత మింగేది, లేని దినం మూలుగుడే. సూది పడి అమ్మమ్మకు జెర నిమ్మళమైనంక గా మూలుగుడు వినబడుడు షురూ అయింది. అంతకు ముందు తన నొప్పిల తనకు వినబడకుండె.

ఒకనాడు అమ్మమ్మ నన్ను పిలిచింది. "మీ నాయనను అడుగు, ఇంకొక అమ్మను చెప్పరాదా అని." నాయన తలుపు దిక్కు తిరిగి, "ఒక్క మనిషికి ఎందరు అమ్మలుంటరు? ఉన్న నౌకరి పోతది" అన్నడు.

తెల్లారి పొద్దుగూకంగ కంపౌండర్ వస్తే, "నాకు ఇయ్యాల్ల మంచిగుంది బిడ్డా, గోడవతలికి పో" అన్నది. ఆయన పరేషాన్ అయ్యి, బయటికొచ్చి నాయన మొకం చూసిండు. నాయన ఏం చేసిండనుకున్నవ్? చదివే పేపర్ తిప్పిండు. గిట్ల దినం తప్పి దినం నడిచింది.

సూది లేని దినం అమ్మమ్మ తువ్వాల కొరుక్కుంట పండుకునేది. మొదటి నాడే నాయన పీట ఏసుకుని మంచం కాడ కూసున్నడు. గా అర్ర గడప ఎన్నడు తొక్కలే ఆయన. విసనకర్ర ఊపుకుంట, నన్ను కాదు, ఆమెనే అడిగిండు, "అమ్మా, జెర నీళ్లు తాగుతవా?" అని. ఆడ డాక్టర్ లేడు, రిజిస్టర్ లేదు.

ఆమె కొంగు గుంజుకోలే. "కూరల ఉప్పు సరిపోయిందా?" అన్నది. ఆనాడు వండింది మా అమ్మ!

ఆ ఆడోళ్లిద్దరు ఒక్క నెలల్నే పోయిన్రు, ఎంకటమ్మ ముందుగాల.

నీకు ఏ రోగం రావద్దు అననే, అది నా చేతుల లేదు. వచ్చిందంటే, ఎవరి పెండ్లానివి, ఎవరి తల్లివి అని అడగకుండ సూది ఇచ్చేటోళ్లు నీకు దొరకాలె బిడ్డా. నీ పక్కింటామెకు సుత... ఇగో, ఆ ఫ్యాను మళ్ల పెంచు.