పడిన పైరును లేపకండి

పొద్దుటి నుంచి తూర్పు గాలి ఆగలేదు. ముత్తుకూరు వైపు ఆకాశం నల్లబడింది. రెండో పంట ఎడగారు వరి కోతలు సగంలో ఉన్నాయి. అయినా కొడవళ్లు గట్టున పెట్టి ఈ సంతాప సభకు వచ్చారు, అక్కలారా, అన్నలారా. సుభాషిణి గారు లేరన్న మాట మీకూ ఇంకా నమ్మబుద్ధి కావడం లేదనుకుంటాను.

వరి మీద పరిశోధన చేసే ఆమె ఆరేళ్లుగా నా అరెకరం మడిలో పని చేశారు. వరి కాడ గోడలు చక్కెర గొలుసులతో అల్లి ఉంటాయని, ఆ అల్లికను నడిపేది జన్యువులని, అర్థమయ్యేదాకా చెప్పారు. జన్యువు చెడితే కాడ గాజులా విరుగుతుంది. బాగుంటే గాలికి వంగి లేస్తుంది. ఆ మడిలో రెండు రకాలూ ఉన్నాయి, గింజ చూస్తే రెండూ ఒకటే.

మూడేళ్ల కింద వానకు ఆ మడి పడింది. నేనేం చేశాను? మనమందరం చేసేదే చేశాను. పడిన దుబ్బుల్ని లేపి, నాలుగేసి కలిపి కట్టాను. మేలు చేశాననుకున్నాను. ఆమె వచ్చి చూసి గట్టు మీద కూలబడ్డారు. తిట్టలేదు.

"ఏది పడతదో, ఏది నిలస్తదో చూద్దామని ఏడాది కాసుకోనుండా. నువ్వు అన్నిట్నీ నిలబెట్టేసినావే జయరామయ్యన్నా" అన్నారు.

తర్వాత మూడు రోజులు ఒక్కో కాడనూ బొటనవేలితో వంచి చూసి, విరిగిన దుబ్బుకల్లా ఎర్రదారం కట్టారు. విరిగేదాన్ని పీకి పారేయకూడదా అని మా ఆవిడ పిచ్చమ్మ అడిగింది. "పీకేస్తే, ఎందుకు విరిగిందో చెప్పేదెవరక్కా?" అన్నారు.

ఈ సోమవారం ఏడో వరుసలో దారం కడుతూనే ఆమె పడిపోయారు. మిగిలిన పదమూడు వరుసల్లో ఏది ఏదో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది. రేపటికి తుపాను అంటున్నారు. తొందరలో కోత మిషను ఆ మడిలో దిగితే? దాని కడుపులో మిగిలిన గింజ మీ చేలల్లో కలిస్తే? దాన్నే మీరు విత్తనం కట్టుకుంటే? వచ్చే ఏడు ఎవరి పైరు ఏ గాలికి విరుగుతుందో ఎవరిని అడుగుతాం?

మిషను నడిపే పెంచలప్రసాద్ ఇక్కడే ఉన్నాడు. తమ్ముడూ, ఆ మడిలోకి రావద్దు. వరుసకు వరుస కొడవలితో కోద్దాం, కట్టకు కట్ట వేరుగా పెడదాం. కోయకముందే గాలి వస్తే, పడేదాన్ని పడనివ్వండి. చెయ్యి ఊరుకోదు. నాదీ ఊరుకోదు. అయినా లేపకండి. ఏది విరిగిందో చూడడానికి ఆమె దగ్గర పని నేర్చుకున్న సుప్రియ ఉంది.

ఇప్పుడు లేచి, రెండు నిమిషాలు మాటలు మాని నిలబడదాం.

సభ ముగిశాక, పెంచలప్రసాద్ నాలుగుంబావుకు మిషను వెనక్కి తిప్పుకుని పోయాడు. సుప్రియ ఎర్రదారం ఉండ తీసుకుని నాలుగున్నరకు మడికి వెళ్లింది.