తారు మచ్చ

ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకెక్కించిన బోటుకి తండ్రి తారు పూస్తున్నాడు. కూతురు పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చింది.

“నాన్నా, నాను అప్లై సేసిన గవర్నమెంటు ఉద్యోగానికి రేపు సర్టిఫికెట్లు సూత్తారు. ఇందులో ‘కుడి మణికట్టు మీద పుట్టుమచ్చ’ అని రాసుంది. నా సెయ్యి సూడు, ఏటీ నేదు.”

“మరి మాస్టారు అలగెందుకు రాసీసేరు?”

“మాస్టారు మా పుట్టుమచ్చలు రాసుకున్న రోజు నీతోపాటు బోటుకి తారు పూసి బడికెళ్లాను. సేతికి సుక్క అంటుకుంది. మచ్చనుకున్నారు.”

“తారని నువ్వు సెప్పనేదేటి?”

“పిల్లలు నవ్వుతారని సిగ్గేసింది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు సిగ్గు నేదు, బయ్యం. ఉద్యోగం పోద్దేమోనని.”

“ఇలగ్రా, కూకో.”

“వద్దు నాన్నా! తారు డబ్బా పక్కనెట్టు. దొంగమచ్చతో ఎళ్లను. జరిగింది జరిగినట్టే ఆళ్లకి సెప్పేత్తాను.”

“సెప్పు తల్లీ. మా నాన్న బోటు తారని గట్టిగా సెప్పు. సెయ్యి వద్దులే, కాలు సాపు.”

“కాలెందుకు?”

“మనింట్లోంచి ఆఫీసు మెట్లెక్కేది నువ్వే మొదలు. అరికాలికి దిష్టిసుక్క పెట్టనియ్యి.”