దొంగ కోసం ఊరంతా వెతికిన తాళాల బావ

ఏమిటే అమ్మడూ, ఆ మొహం? పై దేశంలో ఉద్యోగం వచ్చిన పిల్ల మొహం ఇలాగేనా ఉండేది? ఓహో, మీ అమ్మ ఏడుస్తోందా! "ఆ దేశమా, పట్టపగలే పీకలు కోస్తారట, నడుస్తున్న మనిషి కాళ్ళ కింద చెప్పులు లాగేస్తారట" అంటోందా? అననీ. మీ అమ్మకి ఆ దేశంతో పేచీ ఈనాటిది కాదు, కడుపులో ఉన్నప్పటిది. ఇలా కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఒకసారి ఏకంగా ఓ ఇన్‌స్పెక్టర్నే పడేసింది. ఆ స్టూలు లాక్కో. మీ తాతయ్య, అదే, మా అక్క మొగుడు, మా తాళాల బావ, ఆ దేశం వెళ్ళొచ్చిన సంగతి మీ అమ్మ చెప్పిందా? చెప్పదు. చెప్పినా సగమే చెబుతుంది. పక్కనున్నవాణ్ణి నేను. అసలు నేనే లేకపోతే ఆ ప్రయాణమే లేదనుకో.

బావ తాళాలు చేసేవాడమ్మా. అలాంటిలాంటి తాళాలా! ఆయన తాళం వేశాడంటే గాలి కూడా అడిగి లోపలికి వెళ్ళాలి. ఒకసారి ఏనుగుని కట్టి లాగించాం. ఏనుగు చతికిలబడింది గాని తాళం ఊడలేదు. నవ్వుతావేం, నేను కళ్ళారా చూశాను. సరే, ఆ రోజుల్లోనూ రేడియోలో ఆ దేశం పేరు వినబడితే చాలు, ఆడవాళ్ళు మెళ్ళో గొలుసు తడుముకునేవాళ్ళు. బావ మాత్రం ఎగిరి గంతేశాడు. "ఒరే బావమరిదీ, దేశం నిండా దొంగలేనట్రా! మన సరుకుకి అంతకన్నా మంచి చోటుంటుందా?" అక్కకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. గుమ్మానికి అడ్డంగా నిలబడి, "వెళ్ళండి. కానీ నా బిడ్డ కళ్ళు తెరిచేసరికి మీరు ఎదురుగా ఉండాలి. లేరో, ఇక ఈ ఇంట్లో మీతో మాట్లాడేవి గోడలే" అంది. అక్క అన్నదంటే అన్నదే. బావ ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టి మరీ ఒట్టేశాడు.

పెట్టెడు తాళాలతో దిగాం. నాకు ఆ భాష రైల్లోనే వచ్చేసింది, దిగేసరికి వాళ్ళ తప్పులు నేనే దిద్దుతున్నాను. వీధి వీధీ తిరిగాం. ప్రతి కొట్టువాడూ తాళం అటూ ఇటూ తిప్పి, ముచ్చటపడి, టీ తాగించి, తిరిగి చేతిలో పెట్టేవాడు. రొట్టెలు కాల్చేవాడైతే కొట్టు వదిలి వెళ్తూ గుమ్మానికి అడ్డంగా ఓ కుర్చీ పెట్టి వెళ్ళేవాడు, అంతే. మాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ బావ చెయ్యి పట్టుకుని, "పాపం నాయనా, మీ ఊళ్ళో మరీ అంత దొంగల భయమా?" అంది. బావ మొహం చూడాలి! గదిలోకొచ్చి, "ఇదంతా నాటకంరా. మనం కాస్త ఏమరుపాటుగా ఉండాలి, చొక్కా గుండీలతో సహా దోచేస్తారు" అని, వరండాలోకి తెరుచుకునే మా గది తలుపుకి బయటివైపు పైనొకటి, కిందొకటి, నా అరచేయంత గొళ్ళాలు బిగించాడు.

తిరుగు ప్రయాణం రోజు వచ్చింది. మధ్యాహ్నం రైలు. అది తప్పితే మళ్ళీ వారానికి గాని లేదు. భోంచేసి వద్దామని బయల్దేరాం. రెండు తాళాలకీ ఒకటే చెవి. జేబులో ఉంటే జేబుదొంగ కొట్టేస్తాడని దాన్ని పెట్టెలో, బట్టల అడుగున భద్రంగా దాచాడు. బయటికొచ్చి రెండు తాళాలూ నొక్కాడు. టక్, టక్! అవి చెవి లేకుండానే నొక్కితే పడే రకం. పట్టుకుని వేలాడి చూసి, "ఇప్పుడు రమ్మను ఎవడొస్తాడో" అన్నాడు. భోంచేసి వచ్చి జేబు తడుముకుంటే అప్పుడు తట్టింది. టిక్కెట్లు, పాస్‌పోర్టులు, పనిముట్లు, తాళంచెవి, అన్నీ లోపలే! నేను పెద్దావిడ నడిగి సుత్తి తెచ్చి ఒక్క దెబ్బ వేశాను. నాలుగు వీధుల కిటికీ అద్దాలు ఘల్లుమన్నాయి, సుత్తి రెండు ముక్కలైంది, తాళం మీద గీతైనా పడలేదు. బావ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "మీ అక్క మొహం ఎలా చూడనురా! ఒరే, ఈ దిక్కుమాలిన దేశంలో ఒక్క దొంగైనా లేడట్రా?"

అదమ్మా సంగతి! దొంగలకి భయపడి తాళం వేసినవాడు దొంగ కోసం ఊరంతా తిరిగాడు. పెద్దావిడ కొంగు బిగించి వీధిలోకెళ్ళి, "మా ఇంటికొచ్చినవాళ్ళకి అర్జెంటుగా ఓ దొంగ కావాలి, ఎవరికైనా తెలుసా?" అని కేకేసింది. జనం తలలు గోక్కున్నారు. "మా ఆవిడ తమ్ముడు పేకాటలో కొంచెం..." అన్నాడు రొట్టెలవాడు నసుగుతూ. చివరికి పోలీసాయన, "ఒకాయన ఉండేవాడు, మానేసి చాన్నాళ్ళైంది" అని ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. తెల్ల మీసాలు, ఇస్త్రీ చొక్కా, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. పోలీసాయన వైపు చూసి, "మళ్ళీ మొదలెట్టానంటావేమో?" అన్నాడు. "ఈ ఒక్కసారికీ కానివ్వండి, నేను అటు తిరుగుతాను" అన్నాడు పోలీసాయన. ముసలాయన తాళాన్ని నిమిరి, బావకి ఓ దణ్ణం పెట్టాడు. "మహానుభావా, దీని జోలికి ఎవడెళతాడు?" అని తలుపుకి బందులున్న పక్కకెళ్ళి, స్క్రూడ్రైవరు అడిగి పుచ్చుకుని, బందుల మరలు ఊడదీశాడు. తలుపు ఇటు బదులు అటునుంచి తెరుచుకుంది! బావ తాళాలే బందులై తలుపుని మోస్తున్నాయి. ఒక్క క్షణం బావ మొహం మాడిపోయింది. తర్వాత నవ్వాడు చూడు, వరండాలో కూలబడి, ముసలి దొంగని కౌగిలించుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

వీధి వీధంతా పెట్టె ఎత్తుకుని స్టేషనుకి పరిగెత్తింది. అందరికన్నా ముందు ఆ దొంగే! బయల్దేరేముందు బావ తాళాలు తీసేసి వెళ్తానంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. "ఉండనీ నాయనా, గాలి ఇటునుంచే బాగా వస్తోంది. చెవి నీ దగ్గరుంచుకో, మళ్ళీ వచ్చినప్పుడు తీద్దువుగాని" అంది. ఇంటికొచ్చి బావ ఇలా కాళ్ళు కడుక్కున్నాడో లేదో, లోపల మీ అమ్మ కెవ్వుమంది. ఆయనకి మళ్ళీ వెళ్ళడం పడలేదు. ఏటా అనేవాడు, ఈ ఏడు వెళ్దాంరా అని. పోయేముందు కూడా అన్నాడు...

ఆ డబ్బా ఇటందుకో. ఇదిగో తాళంచెవి, నీ సంచిలో వేసుకో. ఆ ఇల్లుందో లేదో, ఆవిడ మనవలైనా ఉండకపోరు. వెళ్ళి చూసి రా. కానీ అమ్మడూ, తాళాలు మాత్రం తియ్యకే, తలుపు మీద పడుతుంది. ఊఁ... టీ అన్నావు, ఏదీ?