ఎడమ చెంపకు సూది

సూది వేయించాలి, డాక్టరు చీటీ తీసుకోవాలి, అది చూపించి, కంపెనీ ఆపేసిన క్యాబ్ డ్యూటీ మళ్లీ తెరిపించాలి. గచ్చిబౌలి దవాఖాన వరండాలో డ్రైవరు కొమురయ్యకు కూతురు భవాని ఇదే చెబుతోంది.

“నేనెవలికీ కన్ను కొట్టలే బిడ్డా. అదే కొట్టుకుంటది.”

“తెలుసు బాపూ. లోపల రక్తనాళం మొఖం నరాన్ని ఒత్తుతున్నదట. నీ క్యాబెక్కి, కన్ను కొట్టినవని కంప్లైంట్ పెట్టిన మీసాల సారుకు అదేం తెలుసు?”

“గీ సూది హీరోయిన్లు ముడుతలకు ఏసుకునేదంట గదా?”

“నీకేమో కన్ను అదరకుండ. ఎడమదిక్కే ఏస్తరు.”

“ఏందీ, సగం మొఖానికే వయసు తగ్గుతదా? మీ అమ్మ ముందల ఎట్ల తిరగాలె?”

“మన నంబర్ పిలుస్తున్నరు, నడు!”

“జర ఆగు. కుడిదిక్కు గూడ ఏస్తరేమో అడుగు.”

మీ క్యాబ్ అద్దంలో డ్రైవరు కన్ను గీటితే, ఫిర్యాదు రాసేముందు కొమురయ్యను ఒక్కసారి తలచుకోండి.