నాటని మొక్కకు పేరుపలక

1991 అక్టోబరు 14, సోమవారం నాడు, చెన్నైలోని పెరంబూరు రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పాతికేళ్ల శ్రీ వెంకటాచలం గారు నీర్‌మలై కొండల మీద అటవీశాఖ రేంజ్ అధికారిగా బాధ్యతలు స్వీకరించారు. అంతవరకు వారు ఎక్కిన అతి ఎత్తయిన ప్రదేశం పెరంబూరు స్టేషన్ వంతెనేనని వారి సతీమణి శ్రీమతి కుముదిని గారు నేటికీ ఆటపట్టిస్తుంటారు.

వారి ముప్ఫై నాలుగేళ్ల సేవను ఈ పదవీ విరమణ సంచిక కోసం సంగ్రహించబూనిన మాకు ఆదిలోనే తికమక ఎదురైంది. సర్వీసు ఫైలులో రెండు ప్రశంసాపత్రాలున్నాయి. మొదటిది నీర్‌మలై గడ్డి వాలుల మీద రెండు లక్షల వాటిల్ మొక్కలు నాటినందుకు. రెండవది అవే చెట్లను కొట్టివేయించినందుకు. దేనిని కొనియాడాలో చెప్పండని వారినే అడిగాము.

"నన్నడిగితే నేనెవుర్ని అడిగేదప్పా?" అన్నారు వారు, నిజంగానే తెలియనట్టు.

విషయమేమిటంటే, ఆ గడ్డి వాలులు వట్టి బంజరు భూములనీ, వాటిని అడవిగా మార్చాలనీ 1992లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నగరంలో పెరిగిన వెంకటాచలం గారికి చెట్టు లేని కొండ అంటే బోడికొండే. కనుక త్వరగా పెరిగే వాటిల్ అనే ఆ విదేశీ తుమ్మ జాతిని తెప్పించి, కూలీలతో సమానంగా తామూ మొక్కల గంపలు మోసి, ఆరేళ్లలో కొండనంతా పచ్చగా కప్పివేశారు. పతకం వచ్చింది, పత్రికలో ఫోటో పడింది, పెరంబూరులో తండ్రిగారు వీధంతా మిఠాయి పంచారు.

2001 వేసవిలో ఆ అడవిని చూడటానికి పెద్ద అధికారులు వచ్చారు. దాహానికి నీళ్లు తెమ్మని వాచరు కన్నియప్పన్‌ను పంపితే, ఆయన ఖాళీ బిందెతో తిరిగివచ్చారు. కన్నియప్పన్ కొండ దిగువన తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబీకులు, ఏ మాటైనా నిదానంగా చెప్పే మనిషి.

"చెట్లు బాగానే వచ్చినాయి సార్. ఊట మాత్రం యాడికి పోయిందో కనపడలా. గడ్డి ఉన్నపుడు ఎండాకాలంలో కూడా పారతా ఉండె."

"మరి ముందే చెప్పకూడదా?" అన్నారు వెంకటాచలం గారు.

"మీరు అడగలేదే సార్."

ఆ జవాబు వెంకటాచలం గారిని కలవరపరిచింది. గడ్డే వాననీటిని పట్టి ఉంచి ఊటకు అందించేదని, తాము నాటిన చెట్లు ఆ నీటిని తాగేస్తున్నాయని తేల్చుకోవడానికి వారికి రెండేళ్లు పట్టింది. ఆపై తమ పతకానికి కారణమైన అడవినే తీసివేయడానికి అనుమతి కోరుతూ అర్జీలు పెట్టుకున్నారు. మనిషికి మతి చలించిందేమోనని కార్యాలయంలో గుసగుసలాడుకున్నారు. 2007లో అనుమతి లభించింది. ఆ కొండసీమలో గడ్డికి దాని చోటు తిరిగి ఇచ్చిన తొలి అధికారి వారే. నరికినచోటల్లా మళ్లీ మొలిచే పిలకలను ఏటేటా పీకించి, పన్నెండేళ్ల తర్వాత చెన్నై ప్రధాన కార్యాలయానికి వచ్చారు.

2022లో కన్నియప్పన్ నుంచి ఫోను వచ్చింది. ఊట తిరిగి పుట్టింది. వెంకటాచలం గారు సంతోషంతో కంటతడి పెట్టారు, వెంటనే సందేహంలో పడ్డారు. "వరసగా మూడేండ్లు మంచి వానలు పడినాయి కదప్పా. నా వల్ల వచ్చిందా, వాన వల్ల వచ్చిందా?"

"నాకు తెలీదు సార్. నీళ్లు తియ్యగా ఉండాయి" అన్నారట కన్నియప్పన్.

పదవీ విరమణ చేసే ప్రతి అధికారీ కార్యాలయ ఆవరణలో ఒక మొక్క నాటడం, దాని పక్కన వారి పేరుపలక నిలపడం మన ఆనవాయితీ. సన్మాన బాధ్యత వహిస్తున్న కుమారి భావన గుంత తవ్వించి, పలక రాయించి, ఏ మొక్క తెప్పించమంటారని నాలుగుసార్లు అడిగారు. రెండు లక్షలు నాటిన మనిషి ఒక్క మొక్క పేరు చెప్పలేకపోయారు.

"చెయ్యి రావడంలేదమ్మా. మళ్లీ తప్పు చేస్తే, దాన్ని పీకేదానికి ఇంక నాకు సర్వీసు లేదు."

చివరకు గత సోమవారం వారే గుంత దగ్గరకు వచ్చి, పలక మీది అక్షరాలు చెరిపించి, ఇలా రాయించారు: "ఇక్కడ ముందు ఏముండేదో తెలిసినవారు దయచేసి చెప్పండి. వెంకటాచలం."

అప్పటినుంచి ఆవరణంతా అయోమయం. అక్కడ చెరువు ఉండేదని డ్రైవర్ సెల్వం ఒట్టేసి చెబుతున్నారు. కొబ్బరితోట అని రికార్డుల విభాగం వాదిస్తోంది. ఈ వీధిలోనే పుట్టిన పారిశుధ్య కార్మికురాలు పాప్పాత్తి గారు రెండూ కాదంటున్నారు. వెంకటాచలం గారు రోజూ కుర్చీ వేసుకుని, అందరి మాటలూ నోటుబుక్కులో రాసుకుంటున్నారు. ఇంత ఉత్సాహంగా వారిని చెన్నైలో మేమెన్నడూ చూడలేదు.

శ్రీ వెంకటాచలం గారు సతీసమేతంగా, చెక్కుచెదరని మోకాళ్లతో, నిండు నూరేళ్లు ఆరోగ్యంగా వర్ధిల్లాలని, అందరినీ అడిగి తెలుసుకున్నాక ఆ మొక్కను తమ చేతులతోనే నాటాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. వారు మొక్కతో వచ్చేంతవరకు ఆ గుంతను ఎవరినీ పూడ్చనివ్వము.